పసుపు చుక్క, నీలం చుక్క

ఇలా దగ్గరికి జరుగు పాపా. ఆ ఫోను బోర్లించి పెట్టి చెవి ఇటు పడెయ్యి. హౌరా పక్కన లిలువాలో మన రైల్వే క్వార్టర్లలోనే జరిగిన సంగతి ఇది. కొట్లాట లేదు, ఏడుపులూ లేవు. నా కొడుకు కోటయ్య, వాడి కూతురు మౌక్తిక, నాలుగు స్ప్రింగులు. కొంత నా కళ్ళతో చూశాను, మిగిలింది ఆ పిల్ల నా పక్కలో పడుకుని కప్పు చూస్తూ చెప్పింది. అది చెప్పినట్టే చెప్తాను విను.

మౌక్తిక కలకత్తాలో ఇంజనీరింగు మూడో ఏడు చదువుతోంది. ఆ కాలేజీ పిల్లలు పదిహేను మంది కలిసి సొంత చేతులతో రేసు కారు తయారు చేస్తున్నారు. ఒక్క మనిషి పట్టే కారు. పైన కప్పు లేదు, నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. దేశంలోని కాలేజీలన్నీ ఇలాంటి కార్లు పట్టుకుని కోయంబత్తూరు వెళ్ళి పోటీ పడతాయట. ఆ పదిహేను మందిలో ఆడపిల్ల ఇదొక్కతే. దీని వంతు సస్పెన్షన్. అంటే చక్రం గుంటలో పడినా, మలుపులో కారు ఒరిగినా, నాలుగు చక్రాలూ నేలను వదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు. ఎనిమిది నెలలు కూర్చుని గీసింది. ఏ కడ్డీ ఎంత పొడవు, ఏ మూల ఎంత బరువు పడుతుంది, చక్రం ఎంత పైకి లేవాలి, అన్నీ దాని లెక్కే.

శుక్రవారం మధ్యాహ్నం కాలేజీ వెనక సిమెంటు నేల మీద నారింజ రంగు కోన్లు పెట్టి కారును మొదటిసారి గట్టిగా తోలారు. తోలింది సంజయ్. భవానీపూర్ బెంగాలీల అబ్బాయి, మాటకారి. స్ప్రింగులు ఎక్కడో పాత సామాన్ల బజారులో బేరమాడి తెచ్చిందీ అతనే. ఎడమ మలుపులో కారు బుద్ధిగానే తిరిగింది. కుడి మలుపులో మాత్రం తోక విసిరేసి, రెండు కోన్లను తన్ని, అడ్డంగా ఆగిపోయింది. మళ్ళీ తోలితే మళ్ళీ అదే.

సంజయ్ హెల్మెట్ తీసి జుట్టు విదిలించుకున్నాడు. "కంప్యూటర్లో బాగానే పరిగెడుతుంది గురూ. కంప్యూటర్లోనే పోటీ పెట్టమందాం" అన్నాడు. అందరూ నవ్వారు.

జట్టుకి పెద్ద నవదీప్, కరీంనగర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. అతను నవ్వలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి మౌక్తిక ముందు ఆగాడు.

"లెక్క ఏడ్నో తప్పింది మౌక్తికా."

"మూడుసార్లు చూసుకున్నాను."

"మరి కారెందుకు గట్ల పోతుంది?"

మౌక్తిక చేతిలో స్పానర్ ఉంది. కింద ఒక బోల్టు సగం బిగించి ఉంటే వంగి దాన్ని బిగించడం మొదలుపెట్టింది.

"పోటీ ఇంక పన్నెండు రోజులే ఉంది" అన్నాడు నవదీప్. "నేను రిస్క్ తీసుకోలేను. సస్పెన్షన్ సంజయ్‌కి ఇస్తున్న. ఫైళ్ళన్నీ ఆయనకు పంపియ్యి. కోయంబత్తూరుకు గూడ మనుషులు ఎక్కువైతున్నరు, నీ పేరు తీస్తున్న, జర అర్థం చేస్కో."

"సరే" అంది మౌక్తిక.

సంజయ్ అక్కడే స్టూలు మీద ల్యాపుటాపు పెట్టుకుని రిపోర్టు మొదటి పేజీ తెరిచాడు. ‘సస్పెన్షన్ డిజైన్’ అన్న మాట పక్కన దీని పేరు ఉండేది. చివరి అక్షరం దగ్గర గీత పెట్టి వెనక్కి నొక్కుతూ పోయాడు. ఒక్కో అక్షరమే మాయమైంది. ఆ ఖాళీలో తన పేరు కొట్టుకున్నాడు. మౌక్తిక నిలబడి చివరిదాకా చూసింది, ఎవరి పేరో పోతున్నట్టు. చేతులకు అంటిన గ్రీజు సబ్బు పొడితో రుద్ది రుద్ది కడుక్కుంది. తర్వాత కారుకున్న నాలుగు స్ప్రింగులూ విప్పి, ఏది ఏ మూలదో దారం కట్టి గుర్తు పెట్టుకుని, "ఒకసారి ఇంటి దగ్గర చూస్తాను" అని సంచీలో వేసుకుంది. ఎవరూ వద్దనలేదు, అవుననలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంది. కోడలు సుగుణ దాని ముఖం చూసింది.

"ఏటే, కూర బాగోనేదా?"

"బాగుంది."

"ఉప్పెయ్యడం మర్సిపోనాన్నే నాను. బాగుందంట!"

మౌక్తిక ఇంకో ముద్ద కలుపుకుంది.

శనివారం కాలేజీకి పోలేదు. మధ్యాహ్నం మా కోటయ్య డ్యూటీ దిగి వచ్చేసరికి వెనక వరండాలో చాప మీద నాలుగు స్ప్రింగులూ వరసగా నిలబెట్టి, వాటి ఎదురుగా గడ్డం మోకాళ్ళ మీద పెట్టుకుని ఉంది. కోటయ్య పని చేసేది రైల్వే వర్క్‌షాపులో, స్ప్రింగుల షాపులో. ముప్పై ఏళ్ళుగా రైలు పెట్టెల కింద ఉండే స్ప్రింగులను మిషను మీద పెట్టి నొక్కి చూడడమే వాడి పని. చెప్పులు విడవకుండానే వంగి ఒక స్ప్రింగు తీశాడు. బొటనవేలు చుట్టూ తిప్పుతూ పైనుంచి కిందికి తడిమాడు.

"ఇయ్యేటే?"

"మా కారువి నాన్నా."

"బుల్లి బుల్లిగా బాగున్నాయి. ఎంత బరువుకి ఎంత దిగతాది ఇది?"

మౌక్తిక స్ప్రింగు మీద ముద్రించిన అంకె చదివి చెప్పింది. నాలుగింటి మీదా ఒకటే అంకె.

"అది అచ్చు కొట్టినోడి మాట. నువ్వు నొక్కి సూసినావా?"

"తయారుచేసిన వాళ్ళే రాశారు కదా. మళ్ళీ నొక్కడం ఎందుకని..."

"మాకూ రాసే పంపుతారు. రాసినారు కదాని కింద పెట్టేసి రైలొగ్గేత్తామేటే?" కోటయ్య చెప్పులు అప్పుడు విడిచాడు. "రేపు ఆదివారం. పోలయ్య బియ్యం కొట్టు మూసుంటాది. తూకం రాళ్ళు అడుగుతాను."

చూశావా పాపా, ఎనిమిది నెలలు లెక్కలు కట్టిన పిల్ల, కడ్డీ కడ్డీ కొలిచిన పిల్ల, ఆ ఒక్క అంకెను మాత్రం నమ్మేసింది. చదువుకున్నవాళ్ళు అచ్చులో ఉన్నదాన్ని అనుమానించరు. మా వాడికి అనుమానించడానికే జీతం.

ఆదివారం పొద్దున్నే పోలయ్య బియ్యం కొట్టు నుంచి ఇరవై కిలోల ఇనపరాళ్ళు అయిదు రిక్షా బండి మీద వచ్చాయి. పోలయ్య కూడా వెంట వచ్చి గుమ్మంలో చతికిలపడ్డాడు. "నా రాళ్ళు బియ్యానికే అలవాటు కోటయ్యా, బెదిరిపోగలవు సుమీ" అన్నాడు. సుగుణ వంటింట్లోంచి తల బయటపెట్టి, "వరండా కూలిందంటే మాత్రం నువ్వే కట్టాల అన్నయ్యా" అంది.

కోటయ్య నేల మీద ఇనప పలక వేశాడు. దాని మధ్యలో నిలువుగా ఒక గొట్టం నిలబెట్టాడు. స్ప్రింగును ఆ గొట్టానికి తొడిగాడు, పక్కకు వంగిపోకుండా. పైన మధ్యలో చిల్లు ఉన్న దళసరి చెక్క పెట్టాడు. "సరిగ్గా నిలబడినాదా నేదా అని ముందు సూడాల. ఒరిగిన స్ప్రింగు అబద్ధం సెప్తాది" అన్నాడు. మౌక్తిక చేతికి స్టీలు స్కేలు ఇచ్చి, పలక నుంచి చెక్క దాకా నాలుగు పక్కలా కొలవమన్నాడు. అది కొలిచి రాసుకుంది. అప్పుడు ఒక్కో రాయే ఎత్తి చెక్క మీద పెట్టాడు. రాయి పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టి, చప్పుడు కాకుండా, నిద్రపోతున్న పిల్లను పక్క మీద దించినట్టు దించాడు. అయిదు రాళ్ళూ ఎక్కాక ఎవరినీ మాట్లాడవద్దన్నాడు. స్ప్రింగు సర్దుకోవడానికి కాసేపు ఆగాలట. పోలయ్య కూడా నోరు మూసుకుని కూర్చున్నాడంటే చూసుకో.

"ఇప్పుడు సూడు."

మౌక్తిక నేల మీద బోర్లా పడుకుని, చెంప సిమెంటుకు ఆనించి, స్కేలు చదివింది. "ఇరవయ్యెనిమిది మిల్లీమీటర్లు దిగింది."

"ఇంకోపాలి సూడు."

"ఇరవయ్యెనిమిదే."

అయిదు రాళ్ళు దించాడు. రెండో స్ప్రింగు తొడిగాడు. మళ్ళీ అయిదు రాళ్ళు ఎక్కించాడు. అది ముప్పై మూడు దిగింది. మూడోది ముప్పై మూడు. నాలుగోది ఇరవయ్యెనిమిది. కోటయ్య ఒక్కోదాన్ని మూడేసిసార్లు నొక్కించాడు. మధ్యాహ్నానికి వాడి బనీను వీపుకు అతుక్కుపోయింది. దాని చెంప మీద సిమెంటు గీతలు పడ్డాయి.

"ఏది ఏ మూలదే?"

మౌక్తిక దారాలు చూసి చెప్పింది. "ముందు ఎడమది గట్టిది. ముందు కుడిది మెత్తది. వెనక ఎడమది మెత్తది, వెనక కుడిది గట్టిది."

కోటయ్య నవ్వాడు. "నులకమంచానికి మూల మార్చి మూల రెండు కోళ్ళు పొట్టివైతే ఏటవుద్ది?"

"ఊగుతుంది."

"నీ కారు అదేనే. తప్పు నీ లెక్కది కాదు. రెండు రకాలు కలిపేసి ఒకటే అంకె కొట్టి అమ్మీసినాడెవడో." లోపలికి వెళ్ళి రెండు చిన్న రంగు డబ్బాలు తెచ్చాడు. వాళ్ళ షాపులో నొక్కిన ప్రతి స్ప్రింగు మీదా రంగు చుక్క పెడతారు. ఎక్కువ దిగినవాటికి ఒక రంగు, తక్కువ దిగినవాటికి ఒక రంగు. ఒకే రంగువన్నీ ఒకచోట బిగిస్తారు. అగ్గిపుల్ల తలకు దూది చుట్టి, మెత్తవాటి మీద పసుపు చుక్క, గట్టివాటి మీద నీలం చుక్క పెట్టాడు. "మెత్తయి ముందుకి, గట్టియి వెనక్కి. ఒక ఇరుసుకి ఒకటే రంగు. ఎల్లు, బిగించు."

మౌక్తిక రాసుకున్న కాగితం వైపు చూసింది. తప్పు నాది కాదు, అనుకుంది. రైలు కిటికీలోంచి దాటిపోయే స్టేషను పేరు చదివినట్టు అనుకుంది. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఆగి చూసిందట. రాలేదు.

సోమవారం స్ప్రింగులు మార్చి బిగించి, ఎత్తులు సరిచేసింది. సంజయ్ తోలాడు. ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది, ఒక్క కోను కదల్లేదు. సంజయ్ దిగి, రెండు చేతులూ జోడించి దీనికి దండం పెట్టి, "దేవీ, క్షమించు. కుదుపులు తప్పినందుకు నా నడుము కూడా మొక్కుతోంది" అన్నాడు. నవదీప్ ముఖం విప్పారింది. కాగితంలోని అంకెలు చూసి చూసి తల ఊపాడు.

"మస్తు చేసినవ్. ఏడ టెస్ట్ చేసినవిది?"

"మా ఇంటి వరండాలో. మా నాన్న చేశారు. బియ్యం కొట్టు రాళ్ళతో."

నవదీప్ దీన్ని ఒక పక్కకు తీసుకెళ్ళాడు. "చూడు, గిది ఇట్లనే రాస్తే జడ్జిలు నవ్వుతరు. కాలేజీ ల్యాబ్‌ల పరీక్షించినం అని ఒక్క లైను రాయి. అంకెలు నిజమే గదా, ఏడ చేస్తే ఏంది? మొదటి పేజీల నీ పేరు మల్ల పెడ్త. కోయంబత్తూరు లిస్టుల గూడ పెడ్త."

మౌక్తిక స్టూలు మీది ల్యాపుటాపు దగ్గరకు వెళ్ళి కూర్చుని ఆ లైను కొట్టింది. పట్టుమని పది మాటలు లేవు. కింద ఆ పేజీ రాసినవారు అన్నచోట తన సంతకం పెట్టింది. తల ఎత్తేసరికి మొదటి పేజీ మీద దాని పేరు ఉంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి కోటయ్య స్నానం చేసి, తల దువ్వుకుని కూర్చున్నాడు.

"కాగితం తెచ్చినావా? సదువు, ఇంటాను."

వాడికి ఇంగ్లీషులో అంకెలు తప్ప రావు. మౌక్తిక ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చదివి, తెలుగులో అర్థం చెప్తూ పోయింది. ఆ లైను దగ్గరకొచ్చింది. కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. "ఈ స్ప్రింగులను రైల్వే స్ప్రింగు షాపు కార్మికుడు కోటయ్య గారు తన ఇంటి దగ్గర పరీక్షించారు" అని చదివింది. గొంతు ఎక్కడా ఆగలేదు.

కోటయ్య చెవులు ఎర్రబడ్డాయి. "నా పేరు ఎందుకే మజ్జిన" అన్నాడు. లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. చొక్కా తొడుక్కుని పోలయ్య కొట్టుకు వెళ్ళి, "నీ రాళ్ళు కాగితం ఎక్కినాయిరా" అని చెప్పి వచ్చాడు. మర్నాడు షాపులో కూడా చెప్పాడట. ముప్పై ఏళ్ళలో వాడు నొక్కిన స్ప్రింగుల మీద రంగు ఉంది గానీ పేరు ఎక్కడిది?

బుధవారం కాలేజీలో పెద్ద పరీక్ష. పోటీకి వెళ్ళేముందు బయటి నుంచి ఒక ఇంజనీరును పిలిచి కారు చూపించి, ప్రశ్నలు అడిగించుకుంటారు. కోటయ్య సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చేశాడు. వస్తాడని మౌక్తికకు తెలియదు. కారు ఉన్న షెడ్డులో వెనక గోడ వారగా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్న తండ్రిని అది ప్రశ్నలు మొదలయ్యాకే చూసింది.

వచ్చిన పెద్దాయన సేన్‌గుప్తా. రిటైరైనవాడు, తెల్లటి కనుబొమలు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కారు పక్కన మోకాళ్ళ మీద వంగి, కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, వెనక స్ప్రింగును చూశాడు. ముందుకు పాకి ముందు స్ప్రింగును చూశాడు. గోటితో పసుపు చుక్కను గీరాడు.

"ఇదేమిటి?" అన్నాడు బెంగాలీలో.

"గుర్తు కోసం సార్" అన్నాడు సంజయ్.

"ఏ గుర్తు?"

సంజయ్ నవదీప్ వైపు చూశాడు.

"రిపోర్టులో మీ ల్యాబులో పరీక్షించామని రాశారు. ఏ ల్యాబువాడూ ఇలా చుక్క పెట్టడు బాబూ. నా మొదటి ఉద్యోగం రైల్వే వర్క్‌షాపులో. ఇది అక్కడి అలవాటు. ఎవరు పెట్టారు?"

మౌక్తిక తన బూట్ల వైపు చూస్తోంది. ధైర్యం చేసి చెప్పలేదట పాపా. ఆ మాట దానంతట అదే బయటికి వచ్చిందట, తుమ్ము వచ్చినట్టు.

"మా నాన్న సార్. అక్కడ నిలబడ్డారు. మా ఇంటి వరండాలో చేశారు."

పెద్దాయన లేచి, ప్యాంటు దులుపుకుని, గోడ దగ్గరకు నడిచాడు. "దాదా, మీరేనా? ఎలా నొక్కారు?" అన్నాడు. దాదా అంటే బెంగాలీలో అన్నయ్య.

కోటయ్య బెంగాలీలో చెప్పాడు. మొదట తడబడ్డాడు గానీ, గొట్టం సంగతి వచ్చేసరికి చేతులు విడివడ్డాయి. గాలిలోనే స్ప్రింగు తొడిగాడు, గాలిలోనే రాయి దించాడు. పెద్దాయన మధ్య మధ్య "మూడుసార్లా?", "ఎంతసేపు ఆగారు?" అని అడిగాడు. చివరికి, "పరీక్ష బాగా చేశారు. మరి కాగితంలో కాలేజీ ల్యాబు అని ఎందుకుంది?" అన్నాడు.

కోటయ్య కూతురి వైపు చూశాడు. ఒక్కసారే.

"కాగితం సంగతి నాకు తెలీదు బాబూ. స్ప్రింగు సంగతి అడగండి, చెప్తాను" అన్నాడు.

జట్టును చూసుకునే కాలేజీ సారు ముందుకొచ్చాడు. "ఈ లైను ఎవరు రాశారు?"

"నేను సార్" అంది మౌక్తిక.

నవదీప్ టైరు వైపు చూస్తున్నాడు. దాని మీద ఏదో కనిపించినట్టు వంగి తుడిచాడు కూడా.

సారు అక్కడే తేల్చేశాడు. అబద్ధం రాసిన పిల్ల పేరు రిపోర్టులో ఉండదు, కోయంబత్తూరు లిస్టులోనూ ఉండదు. పెద్దాయన మాత్రం ఇంకో మాట చెప్పాడు. పరీక్ష ఎక్కడ చేశారో, ఎవరు చేశారో నిజం రాసి, చేసిన మనిషి సంతకంతో శనివారంలోగా పంపకపోతే ఆ అంకెలు లెక్కలోకి రావు, సస్పెన్షన్‌కు మార్కులు సున్నా.

తిరుగు రైలులో కోటయ్య దానికి కిటికీ పక్క చోటు ఇచ్చాడు. హౌరా నుంచి లిలువా ఎంతసేపు, ఒక్క స్టేషను. ఆ కాసేపట్లో వాడు అన్న మాట ఒకటే, "బండి బాగుంది." మౌక్తిక తల ఊపింది. వీధిలో పోలయ్య ఎదురొచ్చి, "నా రాళ్ళ గురించి ఏటన్నారు?" అని అడిగితే, "కాగితం ఎక్కనేదులే" అని ముందుకు నడిచాడు.

గురువారం అది ఇంట్లోనే ఉండి బట్టలు ఉతికింది. ఉతికినవే మళ్ళీ ఉతికింది. రాత్రి నా పక్కలో పడుకోబెట్టుకుని అడిగితే, ఇప్పుడు నీకు చెప్పినదంతా అప్పుడే చెప్పింది. నవదీప్ రాయమన్న సంగతి కూడా. "మీ అయ్యకి సెప్పు" అన్నాను. "రాసింది నా చేతులే మామ్మా" అంది.

శుక్రవారం సాయంత్రం నవదీప్ మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పాపం, మూడు వరసలు తిరిగాడట. చొక్కా చెమటతో తడిసింది. సుగుణ టీ ఇచ్చింది. అతను కుర్చీ అంచున కూర్చుని సంచీలోంచి కొత్త కాగితం తీశాడు.

"అంకుల్, ఇప్పుడు నిజమే రాసినం. మీ పేరు రాసినం. ఈడ సంతకం పెట్టుండ్రి."

"సదువు బాబూ."

నవదీప్ తెలుగులో చెప్పాడు. లిలువా రైల్వే క్వార్టరులో, కోటయ్య అనే స్ప్రింగు షాపు కార్మికుడు, నూరు కిలోల బరువుతో, ఒక్కో స్ప్రింగును మూడేసిసార్లు పరీక్షించాడు. అంతా ఉన్నదున్నట్టే ఉంది. వాడి పేరు ఈసారి నిజంగానే ఉంది.

కోటయ్య కలం తీసుకున్నాడు. మూత తీశాడు. కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"నొక్కినోడు నాను. రాసినోలు ఎవలు?"

"అంటే?"

"మా షాపులో నొక్కిన కాగితానికి రెండు సంతకాలుంటాయి బాబూ. బరువెత్తినోడిది ఒకటి. స్కేలు సూసి అంకె రాసినోడిది ఒకటి. బరువెత్తినోడు అంకె సూడ్డు, అంకె సూసినోడు బరువెత్తడు. రెండు సంతకాలూ నేకపోతే స్ప్రింగు గుమ్మం దాటదు. పెద్ద ఆఫీసరొచ్చి అడిగినా దాటదు."

"మీ ఒక్కరిది చాలు అంకుల్. పెద్దసారు చేసిన మనిషి సంతకం అన్నడు."

"నీకు సాలు. స్ప్రింగుకి సాలదు." కలానికి మూత పెట్టేశాడు. "నేల మీద పడుకుని పన్నెండుపాలి స్కేలు సూసినాది ఆ పిల్ల. దాని పేరెయ్యి, సంతకం ఎడతాను."

నవదీప్ టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "సారు ఒప్పుకోడు అంకుల్. తప్పుడు లైను రాసింది గదా."

వంటింటి గుమ్మం దగ్గర మౌక్తిక నిలబడి ఉంది. "ఒగ్గెయ్ నాన్నా. పెట్టెయ్" అంది.

"నిన్నడగనేదు." అంత గట్టిగా వాడు దానితో మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. మళ్ళీ నవదీప్ వైపు తిరిగి, మామూలు గొంతుతో, "తప్పు రాసినాది, నిజివే. నా కూతురికి ఒకటే తెలీదు బాబూ, అబద్ధం సొంతంగా పుట్టించడం. ఎవలో సెప్పాల. ఎవలు సెప్పినారు?" అన్నాడు.

వాడికి ఎవరూ చెప్పలేదు పాపా. నేను చెప్పలేదు, అది చెప్పలేదు. నవదీప్ ముఖం చూసే అడిగాడు.

నవదీప్ గ్లాసు కింద పెట్టాడు. రైలు ఒకటి దాటిపోయింది, కిటికీ అద్దాలు గలగలలాడాయి.

"నేనే చెప్పిన అంకుల్."

"మీ సారుకి తెలుసునా?"

"తెల్వదు."

"తెలపాల గదా."

ఆ అబ్బాయి అక్కడే ఫోను తీశాడు. సారుతో ఇంగ్లీషులో, మధ్యలో హిందీలో మాట్లాడాడు. మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా, తర్వాత వింటూ. ఫోను పెట్టేసి నేల వైపు చూస్తూ చెప్పాడు. ఈ కాగితం మీద దాని పేరు పెట్టవచ్చు. మొదటి పేజీ సంగతి తిరిగి వచ్చాక మాట్లాడతారట. లిస్టు అయిపోయింది, టిక్కెట్లు అయిపోయాయి, దాని చోట ఇంకొకరు వెళ్తున్నారు. నవదీప్ మాత్రం వెళ్తాడు, అతను లేకపోతే జట్టే లేదు కదా.

"ఇంత జేసినా నన్ను కోయంబత్తూరు పొమ్మనే అన్నడు" అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియదు.

కోటయ్య ముందు సంతకం పెట్టాడు. దాని కింద నవదీప్ చేత్తోనే గీత గీయించి, దీని పేరు రాయించాడు. మౌక్తిక వచ్చి వంగి సంతకం చేసింది. రేషను పుస్తకంలో పెట్టినట్టు పెట్టి పక్కకు తప్పుకుంది.

అతను వెళ్ళాక తండ్రీ కూతుళ్ళిద్దరే వరండాలో మిగిలారు.

"ఆ వేళ నీకు అబద్ధం చదివాను నాన్నా."

"ఊఁ."

"అడగవేం?"

కోటయ్య గోడకు ఆనుకున్నాడు. "నా పేరు నేకపోనా కారు తిరుగుద్దే. అక్కడ, అందరి ముందు నోరు మూసుకుంటే నువ్వెల్లేదానివి. నానెందుకొచ్చినానో ఆ రోజు. ఇంటికాడే ఉంటే పోయేది."

నిజం చెప్పినందుకు వాడు సంతోషిస్తాడనుకుంది కాబోలు. కాసేపు తండ్రి ముఖం చూసింది. తర్వాత వాడి పక్కనే కూర్చుని, వాడి అరచెయ్యి ఒళ్ళోకి తీసుకుని, ఇనపరాళ్ళు ఒరుసుకుని లేచిన చర్మాన్ని వేలితో సర్దుతూ ఉండిపోయింది. చీకటి పడేదాకా అలాగే ఉన్నారు. దీపం వెయ్యడానికి వెళ్ళి, నేను వెయ్యకుండానే వెనక్కి వచ్చేశాను.

కారు కోయంబత్తూరు వెళ్ళింది. ఎన్నో స్థానం వచ్చిందో నేనడగలేదు.

పాపా, ఇది గుర్తుపెట్టుకో. నేను పోయాక నీ పిల్లలకు చెప్పు. చెప్పేటప్పుడు కోటయ్య పేరొక్కటే చెప్పి ఊరుకోకు, మౌక్తిక పేరొక్కటే చెప్పి ఊరుకోకు. అబద్ధం రాసింది నా మనవరాలేనని కూడా చెప్పు, సిగ్గుపడి అది మాత్రం దాచకు. రెండు పేర్లూ చెప్పాకే కథ అయిందను.